పఠన స్థిరత్వం (డేటాబేసు)

పఠన స్థిరత్వం అనునది డేటాబేసు నిర్వహణ వ్యవస్థలకు సంబంధించిన ఒక ముఖ్యమైన భావన. ఒక క్వెరీ డేటాను చదువుచున్న సమయంలోనే మరొకరు అదే డేటాను మార్చినచో, ఆ క్వెరీకి ఏ విలువలు కనపడవలెను, ఏవి కనపడరాదు అని నిర్ణయించు నియమాల సముదాయమే పఠన స్థిరత్వం. దీనిని ఆంగ్లములో రీడ్ కన్సిస్టెన్సీ అంటారు. ఇది లావాదేవీల ఐసోలేషను అను విస్తృత విషయములో ఒక భాగము. బ్యాంకులు, రైల్వే రిజర్వేషను, భూమి రిజిస్ట్రేషను, విద్యుత్ బిల్లులు మొదలగు ఒకేసారి అనేకులు వాడు వ్యవస్థలన్నిటిలో ఈ ప్రశ్న ఎదురగును. పఠన స్థిరత్వం లోపించినచో క్వెరీ ఎటువంటి తప్పు సందేశమూ చూపకుండా, ఏ క్షణములోను నిజము కాని జవాబును ఇచ్చు అవకాశమున్నది.

సమస్య స్వరూపం

కంప్యూటరు ఎంత వేగమైనదైనను ఒక పెద్ద పట్టికను ఒకే క్షణంలో చదవలేదు. మొదటి వరుస నుండి చివరి వరుసకు చేరుటకు కొంత సమయం పడుతుంది. ఆ సమయం కొన్ని మిల్లీసెకన్లు కావచ్చు, కొన్ని గంటలు కావచ్చు. ఈ లోపల ఇతరులు వరుసలను చేర్చుట, తొలగించుట, మార్చుట జరుగుతూనే ఉంటుంది.

దీనికి నిత్యజీవితంలో పోలిక చెప్పవచ్చు. కడప జిల్లా ఎర్రగుంట్ల పరిసరాలు నాపరాళ్ళకు ప్రసిద్ధి. ఒక రాళ్ళ యార్డులో గుమాస్తా ఒక చివర నుండి బండల దొంతరలు లెక్కించుచు పోవుచున్నాడనుకొనుము. అతడు లెక్కించిన దొంతర నుండి కూలీలు కొన్ని బండలు తీసి, ఇంకా లెక్కించని దొంతరపై పేర్చినచో ఆ బండలు రెండుసార్లు లెక్కకు వస్తాయి. లెక్కించని దొంతర నుండి తీసి లెక్కించిన దొంతరపై పెట్టినచో ఒక్కసారి కూడా లెక్కకు రావు. యార్డు నుండి ఒక్క బండ కూడా బయటకు పోకపోయినా మొత్తం తప్పగును. గుమాస్తా ప్రతి దొంతరను సరిగానే లెక్కించాడు. కాని దొంతరలన్నిటినీ ఒకే క్షణానికి చెందినట్లుగా లెక్కించలేదు.

డేటాబేసులో ఇదే విషయాన్ని ఒక ఊహా బ్యాంకు ఉదాహరణతో చూడవచ్చు. ఈ బ్యాంకుకు నాలుగు శాఖలు ఉన్నవి. వాటి నగదు నిల్వలు ఇవి:

* ఎర్రగుంట్ల - 40 లక్షల రూపాయలు
* ప్రొద్దుటూరు - 90 లక్షల రూపాయలు
* జమ్మలమడుగు - 50 లక్షల రూపాయలు
* పులివెందుల - 60 లక్షల రూపాయలు

మొత్తం నిల్వ 240 లక్షలు. ఒక క్వెరీ పై వరుసలోనే శాఖలను చదివి మొత్తం కట్టుచున్నది. అది ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు నిల్వలను చదివిన తరువాత పులివెందుల నుండి ఎర్రగుంట్లకు 10 లక్షలు బదిలీ అయినవి. ఇప్పుడు ఎర్రగుంట్ల నిల్వ 50, పులివెందుల నిల్వ 50. కాని క్వెరీ ఎర్రగుంట్లను బదిలీకి ముందే 40గా చదివినది. పులివెందులను బదిలీ తరువాత 50గా చదువుతుంది. కనుక జవాబు 40 + 90 + 50 + 50 = 230 లక్షలు. బదిలీకి ముందు మొత్తం 240, తరువాత కూడా 240. 230 అను మొత్తం బ్యాంకులో ఏ క్షణంలోనూ లేదు. బదిలీ ఎదురు దిశలో జరిగినచో జవాబు 250 అగును.

ఇక్కడ గమనించవలసినది, క్వెరీ చదివిన ప్రతి విలువ నిజమైనదే, పూర్తయిన మార్పుకు చెందినదే. దోషము విలువలలో లేదు, వేర్వేరు క్షణాలకు చెందిన విలువలను ఒకే జవాబులో కలుపుటలో ఉన్నది.

ప్రాథమిక భావనలు

లావాదేవీ: విడదీయరాని ఒకే పనిగా పరిగణించవలసిన కొన్ని చర్యల సముదాయాన్ని లావాదేవీ లేదా ట్రాన్సాక్షను అంటారు. పై ఉదాహరణలో ఒక శాఖ నుండి 10 లక్షలు తీయుట, మరొక శాఖకు 10 లక్షలు చేర్చుట రెండూ కలిసి ఒక లావాదేవీ.

కమిట్: లావాదేవీలోని మార్పులు శాశ్వతమైనవని ప్రకటించుటను కమిట్ అంటారు.

రోల్‌బ్యాక్: లావాదేవీలో అప్పటివరకు చేసిన మార్పులన్నిటినీ రద్దు చేసి, పూర్వస్థితికి తెచ్చుటను రోల్‌బ్యాక్ అంటారు.

ఐసోలేషను: ఏకకాలంలో జరుగు లావాదేవీలు ఒకదాని అసంపూర్ణ స్థితిని మరొకటి చూడకుండా వేరుపరచు గుణాన్ని ఐసోలేషను అంటారు. లావాదేవీలకు ఉండవలసిన నాలుగు గుణాలకు కలిపి ఆసిడ్ అను సంక్షిప్తనామాన్ని 1983లో థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ వాడుకలోకి తెచ్చారు. అందులో మూడవ అక్షరము ఐసోలేషనును సూచిస్తుంది.

పఠన దోషాలు

చదువుచుండగా డేటా మారుటవలన కలుగు దోషాలను పలు రకాలుగా విభజించారు.

మలిన పఠనం: ఇంకా కమిట్ కాని మార్పును మరొకరు చదువుటను మలిన పఠనం లేదా డర్టీ రీడ్ అంటారు. ఒక ఖాతాలో లక్ష రూపాయలు జమ అయినట్లు ఒక క్వెరీ చదివిన తరువాత ఆ జమ రోల్‌బ్యాక్ అయినచో, ఆ క్వెరీ ఎన్నడూ జరగని జమను చూచినట్లగును.

పునరావృతం కాని పఠనం: ఒకే లావాదేవీలో ఒకే వరుసను రెండుసార్లు చదివినప్పుడు రెండు వేర్వేరు విలువలు వచ్చుట. మధ్యలో మరొకరు ఆ వరుసను మార్చి కమిట్ చేయుటవలన ఇది జరుగుతుంది.

ఛాయా వరుసలు: ఒక షరతుకు సరిపోవు వరుసలను రెండుసార్లు వెదకినప్పుడు, రెండవసారి కొత్త వరుసలు కనపడుట. ఆంగ్లములో వీటిని ఫాంటమ్స్ అంటారు. ఎర్రగుంట్లలో రైలెక్కు ప్రయాణికుల సంఖ్య 14 అని మొదట లెక్కించి, వెంటనే వారి జాబితా ముద్రించినప్పుడు 15 పేర్లు వచ్చుట దీనికి ఉదాహరణ. 15వ వరుస మొదటిసారి లేదు కనుక దానికి తాళం వేయుట కూడ సాధ్యం కాదు. ఈ కారణముచేత ఛాయా వరుసలను నివారించుట మిగిలిన రెండింటికన్న కష్టం.

వక్ర పఠనం: పరస్పర సంబంధమున్న రెండు విలువలలో ఒకటి మార్పుకు ముందు, మరొకటి మార్పు తరువాత చదువుట. పైన చెప్పిన 230 లక్షల మొత్తం ఈ రకమునకు చెందినది.

కోల్పోయిన మార్పు: ఇద్దరు ఒకే విలువను చదివి, ఇద్దరూ దానిపై ఆధారపడి కొత్త విలువను వ్రాసినప్పుడు, మొదట వ్రాసిన వారి మార్పు తుడిచిపెట్టుకొని పోవును. ఇది వ్రాతలో కనపడు దోషమైనను దీనికి మూలము చదువుటలోనే ఉన్నది. చదివిన విలువ వ్రాయు సమయానికి పాతబడినది.

వక్ర లేఖనం: ఇద్దరు ఒకే డేటాను చదివి, వేర్వేరు వరుసలను మార్చుట. ఒక కర్మాగారంలో రెండు నీటి పంపులు ఉన్నవి, వాటిలో ఒకటైనా తప్పక నడవవలెనని నియమమనుకొనుము. ఒక ఆపరేటరు రెండవ పంపు నడుచుచున్నదని చూచి మొదటిదానిని ఆపివేసినాడు. అదే సమయంలో మరొక ఆపరేటరు మొదటి పంపు నడుచుచున్నదని చూచి రెండవదానిని ఆపివేసినాడు. ఎవరి వరుసను వారే మార్చినారు కనుక ఘర్షణ కనపడదు. కాని చివరకు రెండు పంపులూ ఆగినవి.

హాలోవీన్ సమస్య

డేటాను మార్చువారు ఎప్పుడూ బయటివారే కానవసరం లేదు. ఒక ఆజ్ఞ తాను చేసిన మార్పులను తానే మరల చదువు అవకాశం కూడా ఉన్నది. దీనికి హాలోవీన్ సమస్య అని పేరు. 1970వ దశకంలో ఐ.బి.ఎం. సంస్థలోని సిస్టం ఆర్ బృందం దీనిని హాలోవీన్ పండుగ రోజున గుర్తించుటవలన ఈ పేరు వచ్చినది.

ఆ బృందం వేసిన ఆజ్ఞ చాలా సరళమైనది: 25,000 డాలర్ల కన్న తక్కువ జీతమున్న ఉద్యోగులందరికీ 10 శాతం పెంచవలెను. డేటాబేసు ఈ పనికి జీతం ఆధారంగా కట్టిన ఇండెక్సును ఎంచుకొన్నది. ఒక ఉద్యోగి జీతం పెంచగానే అతని వరుస ఇండెక్సులో ముందుకు జరిగినది. క్వెరీ ఇంకా ముందుకు చదువుచు పోవుటవలన ఆ ఉద్యోగి మరల ఎదురైనాడు, మరల జీతం పెరిగినది. ఆజ్ఞ ముగియునప్పటికి అందరి జీతం కనీసం 25,000 డాలర్లకు చేరినది. ఏ తప్పు సందేశమూ రాలేదు.

దీనికి పరిష్కారం, మార్చవలసిన వరుసలను ముందుగా పూర్తిగా గుర్తించి, ఆ తరువాతనే మార్చుట మొదలుపెట్టుట. నేటి డేటాబేసులు ఈ జాగ్రత్తను తామే తీసుకొంటాయి. కాని ఒక ప్రోగ్రాము ఒక క్వెరీ ఫలితాలను ఒక్కొక్కటిగా చదువుచు, అదే కనెక్షను నుండి అదే పట్టికను మార్చినప్పుడు జాగ్రత్త ప్రోగ్రామరుదే. ఉదాహరణకు ఎస్.క్యూ.లైట్‌లో ఇటువంటి మార్పులు నడుచుచున్న క్వెరీకి కనపడునా లేదా అను విషయం అనిర్దిష్టమని ఆ సాఫ్టువేరు పత్రాలే చెప్పుచున్నవి.

చరిత్ర

1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. దానిని ఆచరణలో పెట్టుటకు ఐ.బి.ఎం. శాన్ హోసే పరిశోధనాలయంలో సిస్టం ఆర్ నిర్మాణం జరిగినది. అనేకులు ఏకకాలంలో వాడినప్పుడు సరియైన జవాబు అంటే ఏమిటి అను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం ఇక్కడే రూపుదిద్దుకొన్నది. కె.పి. ఈశ్వరన్, జిమ్ గ్రే, రేమండ్ లోరీ, ఇర్వింగ్ ట్రేగర్ 1976లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో రెండు దశల తాళాల పద్ధతిని, ఛాయా వరుసల సమస్యను వివరించారు. అదే సంవత్సరం గ్రే, అతని సహచరులు స్థిరత్వానికి వేర్వేరు స్థాయిలు ఉండవచ్చునని చూపినారు. లావాదేవీలపై చేసిన కృషికి గ్రేకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించినది.

డేటాను చెరిపి వ్రాయకుండా పాత ప్రతులను కూడా నిలుపుకొనవచ్చునను ఆలోచనను డేవిడ్ రీడ్ 1978లో ఎం.ఐ.టి.లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో అభివృద్ధి చేసినాడు. ఫిలిప్ బెర్న్‌స్టీన్, నేథన్ గుడ్‌మన్ 1983లో దీనికి గణిత సిద్ధాంతాన్ని సమకూర్చారు. వాణిజ్య డేటాబేసులలో ఒరాకిల్ 1984లో వచ్చిన 4వ వెర్షనులో పఠన స్థిరత్వాన్ని ప్రవేశపెట్టినది.

1992లో వెలువడిన ఎస్.క్యూ.ఎల్. ప్రమాణం నాలుగు ఐసోలేషను స్థాయిలను నిర్వచించినది. ఈ నిర్వచనాలు అస్పష్టంగా ఉన్నవని, వక్ర పఠనం, వక్ర లేఖనం వంటి దోషాలను అవి లెక్కలోకి తీసుకొనలేదని 1995లో హల్ బెరెన్సన్, ఫిలిప్ బెర్న్‌స్టీన్, జిమ్ గ్రే, జిమ్ మెల్టన్, ఎలిజబెత్ ఓనీల్, పాట్రిక్ ఓనీల్ ఒక విమర్శనాత్మక పత్రంలో చూపినారు. స్నాప్‌షాట్ ఐసోలేషను అను స్థాయిని నిర్వచించినది కూడా ఈ పత్రమే.

పరిష్కార పద్ధతులు

పఠన స్థిరత్వాన్ని సాధించుటకు ముఖ్యంగా రెండు మార్గాలు ఉన్నవి. రాళ్ళ యార్డు పోలికలో చెప్పవలెనంటే, లెక్క ముగియువరకు యార్డు గేటు మూసివేయుట మొదటి మార్గం. ఒకే క్షణంలో యార్డు మొత్తాన్ని ఫోటో తీసి, ఆ ఫోటోలోని బండలను తీరికగా లెక్కించుట రెండవ మార్గం.

తాళాల పద్ధతి

ఈ పద్ధతిలో చదువువారు ఆ వరుసకు పంచుకొను తాళం వేస్తారు. ఇతరులు కూడా చదువుటకు ఇది అడ్డు కాదు, కాని ఎవరూ మార్చుటకు వీలులేదు. మార్చువారు ఏకాధికార తాళం వేస్తారు. అది ఉన్నంతవరకు మరొకరు చదువుటకు కూడా వీలులేదు. లావాదేవీ ఒకసారి ఏదైనా తాళం విడిచిన తరువాత కొత్త తాళం తీసుకొనరాదను నియమమే రెండు దశల తాళాల పద్ధతి. ఇంకా లేని వరుసలు మధ్యలో చేరకుండుటకు వరుసల నడుమనున్న ఖాళీలకు కూడా తాళం వేయవలసి ఉంటుంది.

ఈ పద్ధతిలో జవాబు సరియైనదే కాని నిరీక్షణ ఎక్కువ. నెలాఖరు నివేదిక ఒకటి అరగంట సేపు పట్టిక మొత్తం చదివినచో, ఆ అరగంట కౌంటరులో ఎవరి లావాదేవీ ముందుకు సాగదు. అంతేకాక, ఒకరు పట్టుకొన్న తాళం కొరకు మరొకరు, వారి తాళం కొరకు మొదటివారు ఎదురుచూచు ప్రతిష్టంభన కూడా ఏర్పడవచ్చును. దీనిని డెడ్‌లాక్ అంటారు. అప్పుడు డేటాబేసు ఒక లావాదేవీని బలవంతంగా రద్దు చేస్తుంది.

నిరీక్షణ తగ్గించుటకు కొన్ని వ్యవస్థలు ఒక వరుసను చదివిన వెంటనే దాని తాళం విడిచివేస్తాయి. దీనివలన మలిన పఠనం ఉండదు కాని వక్ర పఠనం ఉంటుంది. 230 లక్షల తప్పు మొత్తం ఈ విధంగానే వస్తుంది.

బహుళ ప్రతుల పద్ధతి

ఈ పద్ధతిలో వరుస మారినప్పుడు పాత విలువను వెంటనే పారవేయరు. ప్రతి ప్రతికి దానిని వ్రాసిన లావాదేవీ గుర్తు ఉంటుంది. క్వెరీ మొదలైనప్పుడు అప్పటికి కమిట్ అయిన లావాదేవీలేవో గుర్తించి ఒక స్నాప్‌షాట్ తీసుకొంటుంది. చదువునప్పుడు ప్రతి వరుసలోను ఆ స్నాప్‌షాట్‌కు చెందిన ప్రతినే ఎంచుకొంటుంది. బ్యాంకు ఉదాహరణలో క్వెరీ పులివెందులకు చేరునప్పటికి అక్కడ 50 అని ఉన్నను, తన స్నాప్‌షాట్ తరువాత వచ్చినది కనుక దానిని విడిచి పాత ప్రతిలోని 60ని తీసుకొంటుంది. మొత్తం 240 సరిగా వస్తుంది.

దీనిలో చదువువారు వ్రాయువారికి అడ్డురారు, వ్రాయువారు చదువువారికి అడ్డురారు. ఆధునిక డేటాబేసులలో అధికభాగం ఈ పద్ధతినే అనుసరించుటకు ఇదే కారణం. అయితే దీనికి కూడా మూల్యమున్నది. పాత ప్రతులు స్థలమును ఆక్రమిస్తాయి. చాలాసేపు నడుచు క్వెరీ ఒక్కటి ఉన్నను దానికి అవసరమైన పాత ప్రతులను నిలుపవలసి ఉంటుంది. ఒరాకిల్‌లో పాత విలువలు అండూ భాగంలో ఉంటాయి. క్వెరీ ముగియక ముందే అవి తుడిచిపెట్టుకొనిపోయినచో స్నాప్‌షాట్ మరీ పాతబడినదను 1555 సంఖ్యగల దోష సందేశంతో క్వెరీ ఆగిపోవును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పాత ప్రతులు పట్టికలోనే ఉంటాయి. వాటిని వాక్యూమ్ అను ప్రక్రియ తొలగిస్తుంది.

స్నాప్‌షాట్ చూపునది గతం. క్వెరీ జవాబు సరియైనదే, కాని క్వెరీ మొదలైన క్షణానికి మాత్రమే సరియైనది. దానిపై ఆధారపడి వ్రాయువారు ఈ విషయం మరచినచో కోల్పోయిన మార్పు, వక్ర లేఖనం సంభవిస్తాయి.

ఐసోలేషను స్థాయిలు

ఎస్.క్యూ.ఎల్. ప్రమాణంలోని నాలుగు స్థాయిలు బలహీనమైన దాని నుండి బలమైన దాని వరకు ఈ విధంగా ఉన్నవి.

# రీడ్ అన్‌కమిటెడ్ - కమిట్ కాని మార్పులు కూడా కనపడవచ్చును. మలిన పఠనం, పునరావృతం కాని పఠనం, ఛాయా వరుసలు మూడూ సాధ్యమే.
# రీడ్ కమిటెడ్ - కమిట్ అయిన మార్పులు మాత్రమే కనపడతాయి. మలిన పఠనం ఉండదు. మిగిలిన రెండు సాధ్యమే.
# రిపీటబుల్ రీడ్ - ఒకసారి చదివిన వరుస లావాదేవీ ముగియువరకు అదే విలువతో కనపడుతుంది. ఛాయా వరుసలు సాధ్యమే.
# సీరియలైజబుల్ - లావాదేవీలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా జరిగినట్లే ఫలితం ఉంటుంది. ఏ దోషమూ ఉండదు.

ఈ పేర్లు అన్ని సాఫ్టువేర్లలో ఒకటే అయినను ప్రవర్తన ఒకటి కాదు. ప్రమాణం కనీస హామీని మాత్రమే చెప్పుచున్నది. అంతకన్న ఎక్కువ ఇచ్చు స్వేచ్ఛ తయారీదారులకు ఉన్నది.

వివిధ డేటాబేసులలో ప్రవర్తన

ఒరాకిల్: అప్రమేయ స్థాయి రీడ్ కమిటెడ్. ప్రతి క్వెరీ తాను మొదలైన క్షణపు స్నాప్‌షాట్‌ను చూస్తుంది. మలిన పఠనమునకు అవకాశమే లేదు. ఇందులో సీరియలైజబుల్ అని పిలువబడు స్థాయి నిజమునకు స్నాప్‌షాట్ ఐసోలేషను. వక్ర లేఖనం జరుగవచ్చును.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: 1999లో వచ్చిన 6.5 వెర్షను నుండి బహుళ ప్రతుల పద్ధతిని అనుసరించుచున్నది. అప్రమేయ స్థాయి రీడ్ కమిటెడ్. రీడ్ అన్‌కమిటెడ్ కోరినను రీడ్ కమిటెడ్ వలెనే ప్రవర్తిస్తుంది. రిపీటబుల్ రీడ్‌లో లావాదేవీ అంతటికీ ఒకే స్నాప్‌షాట్ ఉంటుంది, ఛాయా వరుసలు కూడా కనపడవు. మైకేల్ కాహిల్, ఉవే రోమ్, అలాన్ ఫెకెటే 2008లో ప్రచురించిన పద్ధతి ఆధారంగా 2011లో 9.1 వెర్షనులో నిజమైన సీరియలైజబుల్ స్థాయి వచ్చినది. ఇది ప్రమాదకరమైన కలయికలను గుర్తించి ఒక లావాదేవీని రద్దు చేస్తుంది. ఆ లావాదేవీని మరల ప్రయత్నించుట ప్రోగ్రాము బాధ్యత.

మైఎస్‌క్యూఎల్: ఇన్నోడిబి నిల్వ యంత్రాంగంలో అప్రమేయ స్థాయి రిపీటబుల్ రీడ్. సాధారణ క్వెరీలు లావాదేవీలో మొదటి పఠనము నాటి స్నాప్‌షాట్‌ను చూస్తాయి. కాని మార్చు ఆజ్ఞలు, తాళం వేయుచు చదువు క్వెరీలు తాజాగా కమిట్ అయిన విలువను చూస్తాయి. కావున ఒకే లావాదేవీలో రెండు కాలాల విలువలు కలిసి కనపడు అవకాశమున్నది.

ఎస్‌క్యూఎల్ సర్వర్: అప్రమేయ స్థాయి తాళాలతో కూడిన రీడ్ కమిటెడ్. స్నాప్‌షాట్ ఆధారిత స్థాయిలు 2005 వెర్షనులో వచ్చినవి. క్వెరీ వేగం కొరకు నోలాక్ అను సూచనను జతచేయు అలవాటు ప్రోగ్రామర్లలో ఉన్నది. దీనివలన మలిన పఠనమే కాక, కొన్ని వరుసలు రెండుసార్లు రావచ్చును, కొన్ని అసలే రాకపోవచ్చును.

ఎస్.క్యూ.లైట్: ఒక సమయంలో ఒక్కరే వ్రాయుదురు. 2010లో వచ్చిన వాల్ విధానంలో, ఒకరు వ్రాయుచుండగా ఇతరులు తాము మొదలుపెట్టిన నాటి స్థితిని చదువుచుందురు.

పై వివరాలనుబట్టి ఒక విషయం స్పష్టమగుచున్నది. ఈ డేటాబేసులలో పెక్కు అప్రమేయంగా అత్యంత బలమైన స్థాయిని ఇవ్వవు. బ్యాంకు మొత్తాన్ని ఒకే క్వెరీతో కట్టినచో ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 240 అని చెప్పును. అదే పనిని రెండు శాఖలకు ఒక క్వెరీ, మిగిలిన రెండు శాఖలకు మరొక క్వెరీగా విడదీసినచో, అప్రమేయ స్థాయిలో ప్రతి క్వెరీకి వేర్వేరు స్నాప్‌షాట్ ఉండుటవలన మరల 230 రావచ్చును.

తెలుగునాట ఉదాహరణలు

రైల్వే రిజర్వేషను

ఎర్రగుంట్ల గుంతకల్లు - రేణిగుంట రైలుమార్గంపై ఉన్న జంక్షను. ఇక్కడి నుండి నంద్యాలకు వెళ్ళు శాఖా మార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా పోవును. ఈ మార్గంలో నంద్యాల వరకు ప్రయాణికుల రైళ్ళు 2016లో ప్రారంభమైనవి. హైదరాబాదు, తిరుపతి వైపు ప్రయాణాలకు ఈ ప్రాంతపు ప్రజలకు ఎర్రగుంట్ల స్టేషను ముఖ్యమైనది.

కంప్యూటర్లు రాక పూర్వం బెర్తుల వివరాలు రిజిస్టర్లలో వ్రాసేవారు. ఒక రైలు రిజిస్టరు ఒక సమయంలో ఒక గుమాస్తా చేతిలోనే ఉండేది. అది సహజమైన తాళం. ఒకే బెర్తును ఇద్దరు ఒకేసారి వ్రాయుటకు వీలులేదు. కాని మిగిలినవారు వేచి ఉండవలసి వచ్చేది. భారతీయ రైల్వేలలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో మొదలైనది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ అను సాఫ్టువేరు 1994లో మొదట సికింద్రాబాదులో అమలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఒకదానితో ఒకటి అనుసంధానమైనవి. 2002లో ఇంటర్నెట్ ద్వారా టికెట్ల అమ్మకం ప్రారంభమైనది. ఈ విధంగా ఒకే బెర్తును ఒకే క్షణంలో కోరువారి సంఖ్య ఒక కౌంటరు నుండి దేశమంతటికీ విస్తరించినది.

ఈ క్రింది ఉదాహరణ సూత్రాన్ని వివరించుటకు మాత్రమే, రైల్వే సాఫ్టువేరు అంతర్గత నిర్మాణాన్ని వర్ణించునది కాదు. ఒక రైలులో ఒకే బెర్తు మిగిలి ఉన్నది. ఎర్రగుంట్లలో ఒకరు, హైదరాబాదులో మరొకరు ఒకే సమయంలో ఖాళీలు చూచినారు. ఇద్దరికీ 1 అని కనపడినది; ఇద్దరికీ కనపడినది నిజమే. ప్రోగ్రాము ఆ విలువను నమ్మి, ఒకటి తగ్గించి సున్నా అని వ్రాసినచో ఇద్దరికీ ఒకే బెర్తు అమ్ముడగును. సంఖ్య మాత్రం తప్పు చూపదు. సున్నా అనియే ఉంటుంది. రాత్రి రైలులో ఇద్దరు ప్రయాణికులు ఒకే బెర్తు వద్ద నిలబడినప్పుడు గాని తప్పు బయటపడదు.

సరియైన పద్ధతిలో చూచుట వేరు, తీసుకొనుట వేరు. ఖాళీలు చూపు క్వెరీ స్నాప్‌షాట్ నుండి చదువవచ్చును. బెర్తు కేటాయించునప్పుడు మాత్రం సంఖ్య సున్నా కన్న ఎక్కువగా ఉన్నచోనే తగ్గించుమని ఒకే ఆజ్ఞగా ఇవ్వవలెను. రెండవ వ్యక్తి ఆజ్ఞ మొదటిది ముగియువరకు వేచి, షరతును తాజా విలువతో మరల పరీక్షించి, ఏ వరుసనూ మార్చకుండా తిరిగివచ్చును. అప్పుడు అతనికి వెయిటింగ్ లిస్టు చూపవచ్చును. తత్కాల్ సమయంలో ఖాళీ ఉన్నట్లు కనపడి, డబ్బు చెల్లించునప్పటికి వెయిటింగ్ లిస్టు వచ్చుట ప్రయాణికులకు పరిచితమే. చూచిన క్షణానికి, తీసుకొను క్షణానికి నడుమ మార్పు జరిగినదని దీని అర్థం.

ఆస్తుల రిజిస్ట్రేషను

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను కార్యాలయాల కంప్యూటరీకరణ కార్డ్ పథకం ద్వారా 1998లో ప్రారంభమైనది. ఆస్తి కొనువారు ముందుగా ఈ.సి. తీసుకొనుట పరిపాటి. ఆ ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తనఖాలు దానిలో ఉంటాయి. ఈ.సి.పై ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు వెదికినారో స్పష్టంగా వ్రాసి ఉంటుంది. స్నాప్‌షాట్ యొక్క స్వభావం కూడా సరిగ్గా ఇదే. అది ఆ తేదీ వరకు పూర్తి నిజం. ఆ మరునాడు నమోదైన తనఖా గురించి ఏమీ చెప్పదు. కావున పాత ఈ.సి.ని నమ్మి డబ్బు చెల్లించువారికి కలుగు ప్రమాదం, పాత స్నాప్‌షాట్‌ను నమ్మి డేటాను మార్చు ప్రోగ్రాముకు కలుగు ప్రమాదం ఒకే స్వభావం గలవి.

ప్రోగ్రామర్లు పాటించవలసిన జాగ్రత్తలు

* వాడుచున్న డేటాబేసు యొక్క అప్రమేయ ఐసోలేషను స్థాయి ఏదో తెలుసుకొనవలెను. స్థాయి పేరును మాత్రమే చూచి ప్రవర్తనను ఊహించరాదు.
* పరస్పర సంబంధమున్న మొత్తాలను సాధ్యమైనంతవరకు ఒకే క్వెరీలో లెక్కించవలెను. పలు క్వెరీలు అవసరమైనచో వాటిని ఒకే స్నాప్‌షాట్ ఉండు లావాదేవీలో ఉంచవలెను.
* చదివిన విలువపై ఆధారపడి వ్రాయునప్పుడు ఆ వరుసకు తాళం వేయుచు చదువవలెను, లేదా షరతును వ్రాయు ఆజ్ఞలోనే చేర్చవలెను.
* పలు వరుసలకు సంబంధించిన నియమము ఉన్నచోట సీరియలైజబుల్ స్థాయిని వాడవలెను. రద్దయిన లావాదేవీని మరల నడుపు ఏర్పాటు తప్పనిసరి.
* లావాదేవీలను వీలైనంత చిన్నవిగా ఉంచవలెను. వినియోగదారుడు తెర ముందు ఆలోచించుచున్నంతసేపు లావాదేవీని తెరచి ఉంచరాదు.
* నివేదికలపై అది ఏ సమయానికి చెందినదో ముద్రించుట మంచిది.
* పరీక్షించునప్పుడు ఒక్కరే వాడుటవలన ఈ దోషాలు బయటపడవు. కనీసం రెండు కనెక్షన్లు తెరచి, ఒకదానిలో చదువుచు మరొకదానిలో మార్చి చూడవలెను.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు నిర్వహణ వ్యవస్థ
* ఎస్.క్యూ.ఎల్.
* లావాదేవీ (కంప్యూటరు శాస్త్రం)
* డెడ్‌లాక్
* జిమ్ గ్రే
* ఎర్రగుంట్ల రైల్వే స్టేషను